క్రెడిట్ కార్డు పాయింట్లను విమాన మైళ్లుగా బదిలీ చేయడం: ప్రజ్ఞాపూర్ నుంచి షంషాబాద్ దాకా

నిర్వచనం, పరిధి

క్రెడిట్ కార్డు మీద ఖర్చు పెట్టినందుకు బ్యాంకు జమచేసే రివార్డు పాయింట్లను ఒక విమాన సంస్థ సభ్యత్వ పథకంలోని మైళ్లుగా మార్చుకోవడమే పాయింట్ల బదిలీ. ఆ మైళ్లతో తీసుకునే టికెట్టును అవార్డు టికెట్టు అంటారు. మైలు అనే పేరు ఉన్నా నేడు చాలా పథకాల్లో దానికి ప్రయాణించిన దూరంతో సంబంధం తెగిపోయింది. అది సంస్థ తన ఖాతా పుస్తకంలో నడిపించుకునే సొంత నాణెం. దాని విలువను నిర్ణయించేది ఆ సంస్థే, మార్చేదీ ఆ సంస్థే. కిసాన్ క్రెడిట్ కార్డు ఈ వ్యాసం పరిధిలోకి రాదు. 1998లో మొదలైన ఆ పథకం పంట రుణానికి సంబంధించింది, దాని మీద రివార్డు పాయింట్లు రావు. పల్లెల్లో రెండింటినీ ‘క్రెడిట్ కార్డు’ అనే పిలుస్తారు కాబట్టి ఈ తేడా చెప్పాల్సి వచ్చింది.

ఒకే కార్డులోని పాయింట్లను పది పదిహేను విమాన సంస్థలకూ, కొన్ని హోటల్ పథకాలకూ పంపుకునే వీలుంటుంది. వాటిలో ఎటు పంపాలన్నదే కార్డుదారు తేల్చుకోవాల్సిన విషయం. ఒకటికి ఒకటి ఇచ్చే పథకం మంచిదనీ, రెండిచ్చేది ఇంకా మంచిదనీ, ఇలా బదిలీ నిష్పత్తి చూసి పంపడం ఎక్కువమంది చేసే పని. ఈ వ్యాసం వాదన దానికి ఎదురు. లెక్క ఎక్కబోయే విమానంలో దొరికే సీటు దగ్గర మొదలుకావాలి. అక్కడి నుంచి వెనక్కి వచ్చి పథకాన్ని, ఆ తర్వాత కార్డును ఎంచుకోవాలి. నిష్పత్తి ఈ వరసలో చివరిది. పెద్ద నగరాలకు దూరంగా, ఒకే ఒక్క అంతర్జాతీయ విమానాశ్రయం మీద ఆధారపడే ఊళ్లకు ఈ మాట మరీ గట్టిగా వర్తిస్తుంది. అందుకే ఇక్కడ ప్రజ్ఞాపూర్‌ను దృష్టాంతంగా తీసుకున్నాం.

ప్రజ్ఞాపూర్, షంషాబాద్

సిద్దిపేట జిల్లాలో రాజీవ్ రహదారి మీద, గజ్వేల్‌ను ఆనుకుని ఉన్న ఊరు ప్రజ్ఞాపూర్. రెండూ కలిసి గజ్వేల్-ప్రజ్ఞాపూర్ పురపాలక సంఘంగా ఏర్పడ్డాయి. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా ఈ ప్రాంతం మెదక్ జిల్లాలో ఉండేది. ఇక్కడివాళ్లు విదేశానికి పోవాలంటే రాజీవ్ రహదారి మీద శామీర్‌పేట దాకా వచ్చి, అక్కడ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి షంషాబాద్ చేరతారు. బేగంపేట విమానాశ్రయంలో ప్రయాణికుల విమానాలను ఆపి, 2008 మార్చిలో షంషాబాద్‌లో రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయాన్ని తెరిచారు. గల్ఫ్‌కూ యూరప్‌కూ పోయే విమానాలు చాలావరకు అర్ధరాత్రి దాటాకో తెల్లవారుజామునో బయలుదేరతాయి. కనుక అద్దె కారు, దాని వెయిటింగ్, సాగనంపడానికి వచ్చేవాళ్ల రానుపోను ఖర్చు టికెట్టు ధరలో కనిపించకపోయినా ఇంటి మీద పడేవే.

ముంబై నుంచో ఢిల్లీ నుంచో తక్కువ మైళ్లకు సీటు ఉందని చూపించే లెక్కలు ఇక్కడే బెడిసికొడతాయి. ముంబై దాకా మరో టికెట్టు విడిగా కొనాలి. ఆ టికెట్టు మీద అనుమతించే సామాను బరువు వేరు. మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పిపోతే రెండో సంస్థకు బాధ్యత ఉండదు. అమెరికాలో ఉన్న బిడ్డ కాన్పుకు పచ్చళ్లు, పొడులు, బట్టలతో ఇరవై మూడేసి కిలోల పెట్టెలు రెండు పట్టుకుని పోయే తల్లికి ముంబైలో సామాను దింపుకుని మళ్లీ చెక్ ఇన్ చేయడం చిన్న పని కాదు. ఐదారు వేల మైళ్లు మిగిలాయన్న సంతోషం ఆ రాత్రే ఆవిరవుతుంది. అందువల్ల ఈ ప్రాంతపు ప్రయాణికుడికి షంషాబాద్‌లో దిగని విమాన సంస్థ పథకం, దాని భాగస్వామి ఎవరూ అక్కడ దిగకపోతే, కాగితం మీద ఎంత ఆకర్షణీయంగా ఉన్నా పక్కన పెట్టదగినదే.

చరిత్ర

ప్రయాణించిన దూరాన్ని లెక్కగట్టి బహుమతి ఇచ్చే పద్ధతికి 1979లో టెక్సాస్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ శ్రీకారం చుట్టిందని చెబుతారు. అమెరికన్ ఎయిర్‌లైన్స్ 1981 మే 1న ‘అడ్వాంటేజ్’ పథకాన్ని తెచ్చింది. రోజుల వ్యవధిలోనే యునైటెడ్ తన ‘మైలేజ్ ప్లస్’తో పోటీకి దిగింది. సరిగ్గా అదే 1981లో మన దగ్గర ఆంధ్రా బ్యాంకు క్రెడిట్ కార్డును ప్రవేశపెట్టింది. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో మచిలీపట్నంలో స్థాపించిన ఆ బ్యాంకు, దేశంలో క్రెడిట్ కార్డులు మొదట తెచ్చిన బ్యాంకుల్లో ఒకటి. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఆ కార్డూ అడ్వాంటేజ్ మైలూ ఒకే ఏడాది వచ్చినా, ఆ రెండూ మన దేశంలో కలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. అమెరికాలో 1987లో సిటీ బ్యాంకు, అమెరికన్ ఎయిర్‌లైన్స్ కలిసి ఖర్చుకు మైళ్లిచ్చే కార్డు తెచ్చాయి. 1991లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ఒకే పాయింటును అనేక సంస్థలకు బదిలీ చేసుకునే పద్ధతికి తెర తీసింది. ఎటు పంపాలన్న ప్రశ్న అప్పుడే పుట్టింది.

మైళ్లు ఎంత నమ్మదగినవో చెప్పే పాఠాలు భారతదేశ అనుభవంలో ఉన్నాయి. జెట్ ఎయిర్‌వేస్ తన ‘జెట్ ప్రివిలేజ్’ పథకాన్ని విడి సంస్థగా మార్చి, అందులో సగానికి మించిన వాటాను ఎతిహాద్‌కు ఇచ్చింది. 2019 ఏప్రిల్ 17న జెట్ విమానాలు ఆగిపోయాయి. పథకం విడి సంస్థ కావడంతో మైళ్లు వెంటనే సున్నా కాలేదు. అదే ఏడాది ‘ఇంటర్‌మైల్స్’గా పేరు మార్చుకుని కొనసాగింది. కానీ ఏ విమానాల కోసం సభ్యులు ఆ మైళ్లు కూడబెట్టారో ఆ విమానాలే లేకుండా పోయాయి. అంతకుముందు 2012లో కింగ్‌ఫిషర్ ఆగిపోయినప్పుడు దాని సభ్యులదీ ఇలాంటి గతే. 2024 నవంబరు 12న విస్తారా ఎయిర్ ఇండియాలో కలిసిపోవడం వల్ల క్లబ్ విస్తారా పాయింట్లు ఎయిర్ ఇండియా పథకంలోకి చేరాయి. ఇక్కడ సభ్యులు మునిగిపోలేదు గానీ, వాళ్లు ఎంచుకున్న పథకం, దాని నిబంధనలు మాత్రం మిగల్లేదు. 2014 జులైలో స్టార్ అలయన్స్‌లో చేరిన ఎయిర్ ఇండియా, 2022 జనవరిలో టాటాల చేతికి వచ్చాక తన ‘ఫ్లయింగ్ రిటర్న్స్’ పథకాన్ని దూరం లెక్క నుంచి ఖర్చు లెక్కకు మార్చింది. 2025లో దానికి ‘మహారాజా క్లబ్’ అని పేరు పెట్టింది. ఇండిగో పథకం ‘బ్లూచిప్’ 2024లో వచ్చింది.

పాయింటు వెనుక ఉన్న డబ్బు

బ్యాంకు మైళ్లను ఉచితంగా ఇవ్వదు. కార్డుదారు బదిలీ కోరినప్పుడు బ్యాంకు ఆ మైళ్లను విమాన సంస్థ దగ్గర టోకున కొంటుంది. ఆ సొమ్ము దుకాణదారు చెల్లించే కార్డు రుసుము నుంచీ, వార్షిక రుసుముల నుంచీ, బాకీ మిగిల్చుకున్నవాళ్లు కట్టే వడ్డీ నుంచీ వస్తుంది. విమాన సంస్థలకు ఇది చిన్న వ్యాపారం కాదు. అమెరికన్ ఎక్స్‌ప్రెస్‌తో ఉన్న ఒప్పందం ద్వారా ఒక్క డెల్టాకే 2024లో 700 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. కోవిడ్ కాలంలో విమానాలు నేల మీద ఉండిపోయినప్పుడు యునైటెడ్, డెల్టా, అమెరికన్ మూడూ తమ మైళ్ల పథకాలను తాకట్టు పెట్టి వందల కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకున్నాయి. విమానాలకన్నా మైళ్ల పథకమే నికరమైన ఆస్తి అని అప్పులిచ్చినవాళ్లు నమ్మారన్నమాట.

ఈ సంగతికీ బదిలీ నిర్ణయానికీ నేరుగా సంబంధం ఉంది. మైలు అమ్మిన సంస్థకు డబ్బు ముందే వచ్చేసింది, సీటు ఇవ్వాల్సిన బాధ్యత తర్వాత ఎప్పుడో. ఆ మధ్యకాలంలో అవార్డు సీటుకు కావాల్సిన మైళ్లు పెంచితే సంస్థ బాధ్యత ఆ మేరకు తగ్గుతుంది. ముందస్తు నోటీసుతోనో అది కూడా లేకుండానో ఇలా పెంచుకునే హక్కును దాదాపు అన్ని పథకాలూ తమ నిబంధనల్లో రాసి పెట్టుకున్నాయి. కనుక వాడబోయే టికెట్టు కంటికి కనిపించకముందే పాయింట్లను మైళ్లుగా మార్చడమంటే, ధర పెంచే హక్కు ఉన్నవాడికి సరుకు రాకముందే పూర్తి సొమ్ము కట్టడమే.

బదిలీ గమ్యాలు: షంషాబాద్ నుంచి చూసినప్పుడు

మూడు పెద్ద కూటములున్నాయి: 1997లో ఏర్పడిన స్టార్ అలయన్స్, 1999లో మొదలైన వన్‌వరల్డ్, 2000లో వచ్చిన స్కైటీమ్. ఒక కూటమిలోని ఏదో ఒక పథకంలో మైళ్లుంటే మిగతా సభ్య సంస్థల విమానాల్లోనూ సీటు తీసుకోవచ్చు. షంషాబాద్ నుంచి ఎగిరే సంస్థల్లో ఎయిర్ ఇండియా, సింగపూర్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా, థాయ్ స్టార్ అలయన్స్ వాళ్లవి. ఖతార్ ఎయిర్‌వేస్, బ్రిటిష్ ఎయిర్‌వేస్, మలేషియా ఎయిర్‌లైన్స్, కాథే పసిఫిక్ వన్‌వరల్డ్ వాళ్లవి. ఎమిరేట్స్, ఎతిహాద్ ఏ కూటమిలోనూ లేవు. వాటి విమానాలకు ప్రధానంగా వాటి సొంత మైళ్లే కావాలి.

పోయే దేశాన్ని బట్టి ఈ జాబితా ఇంకా కుదించుకుపోతుంది. జర్మనీలో చదివే విద్యార్థికి 2024 జనవరిలో మొదలైన లుఫ్తాన్సా హైదరాబాద్-ఫ్రాంక్‌ఫర్ట్ విమానం దగ్గరి దారి. దానికి లుఫ్తాన్సా మైళ్లే ఉండాల్సిన పని లేదు. సింగపూర్ ఎయిర్‌లైన్స్ ‘క్రిస్‌ఫ్లయర్’తోనో, ఎయిర్ కెనడా ‘ఏరోప్లాన్’తోనో ఆ సీటు తీసుకోవచ్చు. మెల్‌బోర్న్, సిడ్నీలకు పోయే కుటుంబానికి సింగపూర్ మీదుగా పోవడం సహజమైన దారి. కనుక క్రిస్‌ఫ్లయర్ అక్కడ మొదటి ఎంపిక అవుతుంది. అమెరికాకు ఎయిర్ ఇండియా 2021 జనవరిలో హైదరాబాద్ నుంచి షికాగోకు నేరుగా విమానం నడిపింది గానీ అది తర్వాత ఆగిపోయింది. అందువల్ల డాలస్‌కో న్యూజెర్సీకో పోయే తల్లిదండ్రులు దోహా, దుబాయ్, అబుదాబి, లండన్, ఫ్రాంక్‌ఫర్ట్, ఢిల్లీల్లో ఎక్కడో ఒకచోట మారక తప్పదు. దోహా దారికి ‘ఏవియోస్’ అనే మైళ్లు పనికొస్తాయి. 2022 మార్చిలో ఖతార్ ఎయిర్‌వేస్ ఈ నాణేన్ని స్వీకరించింది. అప్పటి నుంచి బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతాలోని ఏవియోస్‌ను ఖతార్ ఖాతాకు, అక్కడి నుంచి ఇటు, ఒకటికి ఒకటిగా మార్చుకోవచ్చు. ఒక తలుపు మూసుకుపోయినా మరో తలుపు ఉండే పథకం ఇది. మైళ్లుగా మారాక కూడా కొంత స్వేచ్ఛ మిగిలే అరుదైన సందర్భమూ ఇదే.

గల్ఫ్ సంగతి వేరు. సిద్దిపేట, కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి పని కోసం దుబాయ్, మస్కట్, కువైట్ పోయేవాళ్లు ఎక్కువ. దూరం తక్కువ, పోటీ ఎక్కువ కావడంతో మామూలు రోజుల్లో ఎకానమీ టికెట్టు చవకగానే దొరుకుతుంది. అలాంటి టికెట్టుకు మైళ్లు వాడితే ఒక్కో మైలుకు వచ్చే విలువ బాగా పడిపోతుంది. అక్కడ డబ్బు పెట్టి కొనడమే మేలు. దసరా ముందు, పాఠశాలల వేసవి సెలవుల్లో ధరలు ఆకాశానికి ఎక్కినప్పుడు మైళ్లకు విలువ వస్తుంది. అయితే అవార్డు సీట్లు కరువయ్యేదీ అప్పుడే. చాలా సంస్థలు సుమారు ఏడాది ముందే అవార్డు సీట్లు తెరుస్తాయి కాబట్టి, పండగ తేదీ ముందే తెలిసినవాళ్లకే ఇందులో అవకాశం.

నిష్పత్తి, విలువ

ఒక అవార్డు టికెట్టు విలువ తెలుసుకునే పద్ధతి సులువైనది. అదే విమానానికి ఆ రోజు నగదు ధర ఎంతో చూసి, అందులోంచి అవార్డు టికెట్టు మీద కట్టాల్సిన పన్నులు, ఛార్జీలు తీసేసి, మిగిలినదాన్ని పోయే కార్డు పాయింట్లతో భాగించాలి. మైళ్లతో కాదు, కార్డు పాయింట్లతో. ఈ తేడా దగ్గరే చాలామంది పొరబడతారు. నిజమైన ధరలు రోజూ మారతాయి కాబట్టి ఊహించిన అంకెలతో చూద్దాం. ఒక టికెట్టు నగదు ధర 38,000 రూపాయలు. మొదటి పథకం కార్డు పాయింటుకు రెండు మైళ్లిస్తుంది. ఆ టికెట్టుకు 60,000 మైళ్లు, పైన 22,000 రూపాయల పన్నులు, సర్‌ఛార్జీ అడుగుతుంది. అంటే 30,000 పాయింట్లు ఖర్చుపెట్టి 16,000 రూపాయలు మిగుల్చుకున్నట్టు. పాయింటుకు 53 పైసలు. రెండో పథకం ఒకటికి ఒకటే ఇస్తుంది. కానీ అదే టికెట్టుకు 25,000 మైళ్లు, 9,000 రూపాయలు చాలంటుంది. అప్పుడు 25,000 పాయింట్లకు 29,000 రూపాయలు మిగిలాయి. పాయింటుకు రూపాయి 16 పైసలు. నిష్పత్తిలో సగం ఉన్న పథకం విలువలో రెట్టింపుకు పైగా ఇచ్చింది.

పోల్చాల్సిన మరో అంకె కూడా ఉంది. బ్యాంకు తన సొంత పోర్టల్‌లో అదే పాయింటుకు ఎంత ఇస్తుందన్నది. ఉదాహరణకు హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు ఇన్ఫీనియా కార్డు పాయింటును స్మార్ట్‌బై పోర్టల్‌లో విమాన టికెట్లకు వాడితే ఒక రూపాయిగా లెక్కకడతారు. అలాంటి కార్డున్నవాళ్లు పాయింటుకు రూపాయి కన్నా తక్కువ వచ్చే ఏ బదిలీ చేసినా నష్టపోయినట్టే. పోర్టల్‌లో పాయింటుకు పావలా మాత్రమే ఇచ్చే కార్డుకు 53 పైసల బదిలీ కూడా లాభమే. అందుకే ఒకరికి మంచిదైన గమ్యం పక్కింటివాళ్లకు చెడ్డది కావచ్చు. హోటల్ పథకాల గుండా తిప్పి మైళ్లకు చేర్చే దారి కూడా ఉంది. మారియట్ బాన్‌వాయ్ చాలా విమాన సంస్థలకు మూడు పాయింట్లకు ఒక మైలు ఇస్తుంది. ఒక్కసారే 60,000 పాయింట్లు పంపితే అదనంగా 5,000 కలిపి 25,000 మైళ్లు చేస్తుంది. కార్డు నుంచి నేరుగా పంపే వీలు లేని సంస్థ సీటు కావాల్సినప్పుడు తప్ప ఈ చుట్టుదారితో పని లేదు.

పన్నులు, సర్‌ఛార్జీలు

అవార్డు టికెట్టు ఉచిత టికెట్టు కాదు. షంషాబాద్ విమానాశ్రయ వినియోగ రుసుము, ఇతర దేశాల పన్నులు నగదుగా కట్టాలి. వీటితోపాటు విమాన సంస్థ విధించే సర్‌ఛార్జీ ఉంటుంది. పథకాల మధ్య అసలు తేడా ఇక్కడే. బ్రిటిష్ ఎయిర్‌వేస్ సొంత విమానాల మీద, ఎమిరేట్స్ మీద ఇది గట్టిగానే పడుతుంది. సింగపూర్ ఎయిర్‌లైన్స్ తన సొంత విమానాల అవార్డు టికెట్ల మీద ఇంధన సర్‌ఛార్జీని 2017లో ఎత్తివేసింది. ఏరోప్లాన్ 2020 నవంబరులో కొత్త రూపం దాల్చినప్పటి నుంచి సర్‌ఛార్జీ వసూలు చేయడం మానేసి, భాగస్వామి సంస్థల టికెట్టుకు 39 కెనడా డాలర్ల రుసుముతో సరిపెడుతోంది. లండన్ నుంచి తిరుగు ప్రయాణం మొదలుపెడితే బ్రిటన్ ప్రభుత్వపు ప్రయాణికుల సుంకం కూడా కలుస్తుంది. బిజినెస్ క్లాసులో అది ఇంకా ఎక్కువ.

ఆక్షేపణలు, సమాధానాలు

సీటు చూసుకున్నాకే బదిలీ చేయాలన్న సూత్రానికి మొదటి అభ్యంతరం కాలానికి సంబంధించింది. కొన్ని బదిలీలు నిమిషాల్లో పూర్తయినా, కొన్నిటికి రోజులు పడతాయి. మైళ్లు చేరేలోగా సీటు పోతే ఏం చేయాలి? ఈ అభ్యంతరంలో బలం ఉంది. కానీ దాని నుంచి వచ్చే ముగింపు, ముందే అంతా పంపేయాలన్నది కాదు. త్వరగా చేరే పథకానికి ప్రాధాన్యం ఇవ్వాలన్నది. ఆలస్యమయ్యే పథకమైతే ఒకే విమానం మీద ఆశ పెట్టుకోకుండా, ఆ వారంలో రెండు మూడు తేదీల్లో సీట్లున్నప్పుడే పంపాలి. తేదీ కదపలేని ప్రయాణానికి, కాలేజీ చేరిక గడువో పెళ్లి ముహూర్తమో అయితే, నెమ్మదిగా చేరే పథకాన్ని నమ్ముకోకూడదు.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. బ్యాంకు పాయింట్లూ భద్రం కాదు కదా, బ్యాంకులు కూడా నిబంధనలు మారుస్తున్నాయి కదా అన్నది. నిజమే. యాక్సిస్ బ్యాంకు 2023 డిసెంబరులో భాగస్వాములను రెండు గుంపులు చేసి, ఎక్కువమంది కోరేవాళ్లకు పంపే పాయింట్ల మీద ఏడాదికి పరిమితి పెట్టింది. మరుసటి ఏడాది డిసెంబరు నుంచి బదిలీకి రుసుము కూడా వేసింది. అమెరికాలో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ 2025 సెప్టెంబరులో ఎమిరేట్స్ నిష్పత్తిని ఐదుకు నాలుగుగా తగ్గించింది. అయినా రెండు ప్రమాదాలూ ఒకటి కావు. బ్యాంకులో ఉన్న పాయింటుకు ఒక దారి ఇరుకైతే ఇంకా పది దారులుంటాయి. మైలుగా మారిన పాయింటుకు ఒకటే దారి. వడ్లు మర పట్టించాక ఆ బియ్యాన్ని విత్తనానికి వాడలేం. వడ్లుగా ఉన్నంతసేపూ తినడానికీ, చల్లడానికీ, అమ్మడానికీ వీలుంటుంది. అవార్డు టికెట్టు రద్దు చేసుకుంటే మైళ్లు, రుసుము పట్టుకుని, విమాన సంస్థ ఖాతాలోకే తిరిగి వస్తాయి గానీ బ్యాంకుకు రావు. నిబంధనలు మారతాయన్న భయానికి సరైన మందు పాయింట్లను త్వరగా వాడేయడం. త్వరగా బదిలీ చేసి పక్కన పెట్టుకోవడం వల్ల ఆ భయం తగ్గదు, బ్యాంకు నుంచి విమాన సంస్థకు మారుతుంది, అంతే. పైగా గడువు గడియారం మొదలవుతుంది: క్రిస్‌ఫ్లయర్ మైళ్లకు మూడేళ్లు, ఏరోప్లాన్ ఖాతాలో ఏ కదలికా లేకపోతే పద్దెనిమిది నెలలు, ఏవియోస్‌కు కూడా అలాగే కదలిక లేకపోతే మూడేళ్లు.

అప్పుడప్పుడు బ్యాంకులు ఇచ్చే బదిలీ బోనస్ మూడో అభ్యంతరానికి ఆధారం. పాతిక శాతం అదనంగా వస్తుంటే ఆగడం ఎందుకన్నది. పై లెక్కలో రెండు పథకాల మధ్య తేడా రెట్టింపును మించింది. అలాంటి తేడాను పాతిక శాతం పూడ్చలేదు. ఏటా ఒకే దారిన పోయే కుటుంబానికి మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చు. ప్రతి వేసవిలో కొడుకు దగ్గరికి సింగపూర్ మీదుగా ఆస్ట్రేలియా పోయేవాళ్లు క్రిస్‌ఫ్లయర్ బోనస్ వచ్చినప్పుడు ఒక ప్రయాణానికి సరిపడా ముందే పంపుకోవడంలో తప్పు లేదు. వాళ్ల విషయంలో సీటు ఇంకా కనిపించకపోయినా దారి ఖాయమైంది.

అమెరికా కార్డు, ఇక్కడి కార్డు

తల్లిదండ్రులు ప్రజ్ఞాపూర్‌లో, పిల్లలు అమెరికాలో ఉన్న ఇంట్లో ఈ ప్రశ్న మరోలా వస్తుంది. ఎవరి పాయింట్లు వాడాలి? అమెరికాలో చేజ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, సిటీ, క్యాపిటల్ వన్ కార్డుల పాయింట్లు చాలా విమాన పథకాలకు ఒకటికి ఒకటిగా వెళ్తాయి. అక్కడ ఖర్చుకు పాయింట్లు పోగయ్యే వేగమూ, కొత్త కార్డుకిచ్చే బోనసూ ఎక్కువ. అక్కడి కొడుకో కూతురో తమ మైళ్లతో తల్లిదండ్రుల పేరున హైదరాబాద్ నుంచి టికెట్టు తీయవచ్చు. టికెట్టు మీది పేరు ఖాతాదారుదే కానక్కరలేదు. క్రిస్‌ఫ్లయర్‌లో మాత్రం ఎవరికి టికెట్లు తీయదలచారో వాళ్లను ముందుగా నామినీలుగా చేర్చుకోవాలి, ఐదుగురి దాకా. ఖతార్, ఎమిరేట్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ పథకాల్లో కుటుంబ ఖాతా పెట్టుకుని మైళ్లు ఒకచోట కలుపుకునే వీలుంది. అందువల్ల పిల్లలు అమెరికా దారి టికెట్లు చూసుకుని, ఇక్కడివాళ్ల కార్డు పాయింట్లను దేశీయ ప్రయాణానికో పోర్టల్ టికెట్టుకో వాడుకోవడం చాలా ఇళ్లకు కలిసొచ్చే పంపకం. రెండు వైపులవాళ్లూ చెరికొన్ని మైళ్లు వేర్వేరు పథకాల్లో వేసుకుంటే ఏ ఒక్కదానిలోనూ టికెట్టుకు సరిపడా ఉండవు.

పరిమితులు

క్రెడిట్ కార్డు బాకీ పూర్తిగా కట్టనివాళ్లకు పై లెక్కలేవీ వర్తించవు. మన దేశంలో బాకీ మీద వడ్డీ చాలా కార్డుల్లో నెలకు 3.5 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. ఏడాదికి 40 శాతం దాటుతుంది. నూరు రూపాయల ఖర్చుకు వచ్చే పాయింట్ల విలువ మంచి కార్డులోనూ మూడు నాలుగు రూపాయలు మించడం అరుదు కాబట్టి, ఒక్క నెల బాకీ ఉంచితే దాని వడ్డీకే ఆ లాభమంతా పోతుంది. ఇంధనం, ఇంటి అద్దె, వాలెట్‌లో వేసే డబ్బు లాంటి వాటికి చాలా కార్డులు పాయింట్లివ్వవు, లేదా బాగా తగ్గిస్తాయి. రిజర్వు బ్యాంకు 2022లో రూపే క్రెడిట్ కార్డులను యూపీఐకి జోడించుకోనిచ్చాక కిరాణా, సిమెంటు దుకాణాల్లోనూ కార్డు ఖర్చు సాధ్యమైంది. కానీ మైళ్లకు బదిలీ చేసుకునే ఖరీదైన కార్డుల్లో ఎక్కువ రూపేవి కావు.

ఖాతా పేరు

బదిలీ ఆగిపోవడానికి తెలుగువాళ్ల విషయంలో తరచూ ఎదురయ్యే కారణం పేరు. బ్యాంకులో ఉన్న పేరు, విమాన పథకంలోని పేరు ఒకటిగా ఉండాలన్నది సాధారణ నియమం. మనవాళ్ల కార్డు మీద ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది. పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు విడి గడిలో ఉంటుంది, లేదా ఆ గడి ఖాళీగానే ఉండి పేరంతా ఒకే గడిలో ఉంటుంది. విమాన పథకంలో ఖాతా తెరిచేటప్పుడు పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయాలి, ఎందుకంటే టికెట్టు దాన్నిబట్టే వస్తుంది. అప్పుడు మారాల్సింది బ్యాంకు రికార్డు. గుర్తింపు పత్రాలతో శాఖకు పోయి పేరు సరిచేయించుకోవడానికి రోజులు పట్టవచ్చు కాబట్టి, సీటు వెతకడం మొదలుపెట్టకముందే ఈ పని ముగించి, పథకం అనుమతించే అతి తక్కువ పాయింట్లను ఒకసారి పంపి చూసుకోవాలి. ఆ పరీక్ష బదిలీకి పట్టిన సమయాన్ని రాసిపెట్టుకుంటే, అసలు టికెట్టుకు పంపేటప్పుడు ఎన్ని రోజులు ముందు కదలాలో దానితోనే తెలుస్తుంది.